ట్రిపుల్ వన్ ఊళ్ల గోస

మొయినాబాద్, శంషాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు ఎవరైనా ఎకరం భూమి బేరం పెడితే కొనేవాడు ముందుగా అడిగే మాట ఒకటే: "ట్రిపుల్ వన్‌లోనా, బయటనా?" బోరులో నీళ్లున్నాయా, బాట ఉందా, పట్టా ఎవరి పేరు మీద ఉంది అన్నవన్నీ ఆ తర్వాతే. 1996 మార్చి 8న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన 111 నంబరు జీవోను ఇక్కడి జనం పిలుచుకునే పేరు ట్రిపుల్ వన్. రంగారెడ్డి జిల్లాలో 84 ఊళ్లు, 1.32 లక్షల ఎకరాలు దాని కిందికి వస్తాయి. జీవో వచ్చిన ఏడాది పుట్టిన పిల్లలు ఇప్పుడు సంసారాలు చేసుకుంటున్నారు. అన్నదమ్ములు వేరుపడ్డారు. వేరుపడ్డ తమ్ముడికి ఇంకో ఇల్లు కావలసి వచ్చింది. సొంత చేను ఉంది, చేతిలో కొంత డబ్బూ ఉంది, పర్మిషన్ మాత్రం రాదు.

ఆ జీవో చెప్పేది ఇది. హైదరాబాద్‌కు పడమరన ఉన్న ఉస్మాన్ సాగర్ (జనం నోట గండిపేట చెరువు), హిమాయత్ సాగర్ జలాశయాల నిండు నీటి మట్టం (ఎఫ్‌టీఎల్) నుంచి పది కిలోమీటర్ల దాకా పరీవాహక ప్రాంతంలో కాలుష్యం పుట్టించే పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు రాకూడదు. ఏ లేఅవుట్ వేసినా 60 శాతం జాగా రోడ్లకూ ఖాళీ స్థలాలకూ వదిలిపెట్టాలి. కట్టడం మొత్తం విస్తీర్ణం ప్లాటులో సగం మించకూడదు. ప్లానింగ్ భాషలో ఎఫ్ఎస్ఐ 0.5 అంటారు దాన్ని. మొత్తం ప్రాంతంలో 90 శాతం భూమి సంరక్షణకూ విహారానికీ మాత్రమే ఉండాలి. ఎకరానికి 4,840 గజాలు. అందులో 60 శాతం పోతే మిగిలేది 1,936 గజాలు. 200 గజాల ప్లాటు చేసుకుంటే కింది గది, పై గది, మెట్లు, వంటిల్లు అన్నీ కలిపి వంద గజాలు, అంటే 900 చదరపు అడుగులు దాటకూడదు.

ఇదే నగరంలో కట్టకు ఇవతల సంగతి వేరు. 2006లో వచ్చిన 86 నంబరు జీవోతో హైదరాబాద్‌లో ఎఫ్ఎస్ఐ పరిమితిని పూర్తిగా ఎత్తేశారు. ఎదుట ఉన్న రోడ్డు ఎంత వెడల్పు, చుట్టూ ఎంత ఖాళీ వదిలారు అన్నదాన్ని బట్టి ఎన్ని అంతస్తులైనా లేపుకోవచ్చు. దేశంలో పెద్ద నగరాలు ఏవీ ఇంత ధారాళంగా అనుమతించలేదు. గండిపేట దగ్గర్లోని కోకాపేటలో యాభై అంతస్తులు దాటిన టవర్లు లేచాయి. 2023 ఆగస్టులో అక్కడ మహానగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ వేసిన వేలంలో ఎకరం ధర 100 కోట్లు దాటింది. చెరువుకు ఒక పక్క ఆకాశమే హద్దు. ఇంకో పక్క రెండు గదుల ఇంటికి దస్తఖతు పెట్టే అధికారి లేడు.

నగరాలు భూమిని జోన్లుగా విడగొట్టడం కొత్త పద్ధతి కాదు. ఇళ్లు ఇక్కడ, ఫ్యాక్టరీలు అక్కడ, దుకాణాలు ఆ రోడ్డు పొడవునా అని గీతలు గీయడం న్యూయార్క్‌లో 1916లోనే మొదలైంది. నా స్థలం మీద మీ పెత్తనమేమిటని యజమాని కోర్టుకెక్కితే, ఊరి మేలు కోసం అలా గీయవచ్చని 1926లో అమెరికా సుప్రీంకోర్టు ఒప్పుకుంది. మన దగ్గర ఆ అధికారాన్ని 1975 నాటి పట్టణాభివృద్ధి చట్టం మొదట హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ హుడాకు ఇచ్చింది. 2008లో హుడా స్థానంలో హెచ్ఎండీఏ వచ్చింది. 2013లో హెచ్ఎండీఏ ప్రకటించిన మాస్టర్ ప్లాన్ మ్యాపులో ఈ ఊళ్లు బయో కన్జర్వేషన్ జోన్. గీతకు ఒక వైపు భూమి విలువ పెరుగుతుంది, ఇంకో వైపు పడిపోతుంది. మేలు ఊరందరిదీ అయినప్పుడు నష్టం కొందరి మీదే ఎందుకు పడాలి అన్న ప్రశ్నకు 84 ఊళ్లకు ఇంతవరకూ జవాబు చెప్పినవాళ్లు లేరు.

అలాగని ఈ గీత ఊరికే గీసింది కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేసింది. దాదాపు 15 వేల మంది పోయారని అంచనా. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు కొమ్మలెక్కి నూటయాభై మంది దాకా బతికారని చెబుతారు. ఆ చెట్టు ఇంకా ఉంది. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నగరానికి ఎగువన రెండు జలాశయాలు కట్టి వరదను అక్కడే పట్టాలని, ఆ నీళ్లనే నగరానికి తాగడానికి ఇవ్వాలని ఆయన చెప్పాడు. అలా మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. మొదటిది 3.9 టీఎంసీలు పడుతుంది, రెండోది 2.97. మోటారు అవసరం లేకుండా వాలుకే నగరానికి చేరే నీళ్లు అవి. కొన్ని తరాలు ఇంటి నల్లాలో తాగింది గండిపేట నీళ్లే. 'గండిపేట నీళ్లు తాగినోడు' అని పట్నంలో ఒక తరం తన గురించి తాను గర్వంగా చెప్పుకునేది.

1990లు వచ్చేసరికి నగరం పడమటికి పాకడం మొదలైంది. ఎగువన ఫ్యాక్టరీలు, కాలనీలు వస్తే ఈ రెండు చెరువులూ మురుగుతో చెడిన హుస్సేన్ సాగర్ లాగే అయిపోతాయన్న భయం అప్పటికే కళ్లముందు ఉంది. 1994లో 192 నంబరు జీవో, దాన్ని సవరిస్తూ రెండేళ్లకు 111 వచ్చాయి. ఆ తర్వాత ప్రభుత్వమే ఈ హద్దు లోపల ఒక నూనె పరిశ్రమకు మినహాయింపు ఇవ్వబోతే వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. శంషాబాద్ మండలం పెద్దషాపూర్ దగ్గర ఆముదం నూనె నుంచి రసాయనాలు తీయాలనుకున్న కంపెనీ అది. ప్రమాదం లేదని నిరూపించుకోవలసిన బాధ్యత పరిశ్రమదేనని 1999లోనూ, తాగునీటి చెరువుల పక్కన ఇలాంటి మినహాయింపులు ప్రభుత్వం ఇవ్వడానికి వీల్లేదని 2000 డిసెంబరులోనూ కోర్టు చెప్పింది. పర్యావరణ న్యాయం చదివే విద్యార్థులు దేశమంతటా ఈ తీర్పును చదువుతారు. అది మంచి తీర్పు. ఆ చెరువులు ఈ మాత్రమైనా మిగిలాయంటే అందులో ఈ తీర్పు పాలు చాలా ఉంది.

తీర్పు నీళ్లను కాపాడింది. ఆ నీళ్ల కోసం భూమిని అట్టే పెట్టుకున్న రైతు సంగతి దాని ముందుకు రాలేదు, కేసు ఆయన వేసింది కాదు గనక.

ఆ రైతు బతుకు ఎలా నడిచిందో చూద్దాం. ఈ ప్రాంతంలో పూలు, కూరగాయలే బతుకుదెరువు. గులాబీలు, బంతి, చామంతి, టమాట, క్యారెట్, కొత్తిమీర తెల్లవారకముందే పట్నం మార్కెట్లకు చేరతాయి. నేల మంచిది, పట్నం దగ్గర. ఇంత దగ్గరున్న నేలకు రావలసిన ధర మాత్రం రాలేదు. బిడ్డ పెళ్లికో, ఆసుపత్రి ఖర్చుకో ఎకరం అమ్మాల్సి వస్తే, హద్దు దాటిన పక్క ఊరిలో పలికే రేటులో కొంత భాగమే దొరికేది. అలా 1990ల చివర, 2000ల మొదట్లో చవకగా అమ్ముకున్న కుటుంబాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. కొన్నవాళ్లలో ఎక్కువమంది పట్నం పెద్దలు. ఏదో ఒక రోజు జీవో ఎత్తేస్తారని ఓపిక పట్టగలిగిన వాళ్లు. అమ్మిన రైతుకు ఆ ఓపిక పట్టే స్తోమత లేదు.

అమ్మకుండా నిలబడ్డవాళ్ల కష్టం ఇంకో రకం. పాత ఊరి హద్దులో, గ్రామకంఠంలో ఉన్న ఇళ్లు పాతికేళ్ల కింద ఎన్ని కుటుంబాలకు సరిపోయాయో ఇప్పుడూ అన్నిటికే సరిపోతాయి. కుటుంబాలు మాత్రం పెరిగాయి. ఊరి పక్క చేన్లో గది వేసుకుందామంటే పంచాయతీ కార్యదర్శి చేతులెత్తేస్తాడు. పర్మిషన్ లేదు గనక బ్యాంకు ఇంటి లోను ఇవ్వదు. లోను లేదు గనక మిత్తికి తెచ్చి కట్టాలి. కట్టాక ఎప్పుడు నోటీసు వస్తుందో తెలియదు. "పట్నపోళ్లు నీళ్లు తాగాలె, సరే. మా జాగల మేం ఇల్లు కట్టుకోవద్దా?" అన్న మాట ఇక్కడ ఏ రచ్చబండ దగ్గర కూర్చున్నా వినపడుతుంది. అందులో అన్యాయమేమీ లేదు.

కట్టడాలు ఆగిపోయాయా అంటే అదీ లేదు. అప్పా జంక్షన్ దాటి చేవెళ్ల వైపు, ఆ పాత మర్రిచెట్ల రోడ్డు మీద పోతుంటే రెండు పక్కలా ఫామ్‌హౌస్‌లు, ఫంక్షన్ హాళ్లు, రిసార్టులు, కాలేజీలు కనిపిస్తాయి. చుట్టూ ఎత్తైన ప్రహరీ, లోపల లాన్లు, ఈత కొలను. ఎకరాలకు ఎకరాలు కొన్నవాడు వ్యవసాయ క్షేత్రం పేరిట కట్టుకున్నాడు. గుంటల లెక్కన కొన్నవాడు నోటరీ కాగితం మీద ప్లాటు తీసుకున్నాడు. ఈ రెండో రకానిది పెద్ద విషాదం. పట్నంలో ఆటో నడిపేవాళ్లు, చిన్న ఉద్యోగులు, మేస్త్రీలు జీవితకాలపు పొదుపు పెట్టి వంద గజాలు కొన్నారు. అమ్మినవాడు జీవో సంగతి చెప్పలేదు, లేదా రేపోమాపో ఎత్తేస్తారని నమ్మించాడు. జేసీబీ వచ్చినప్పుడు ముందు కూలేది ఆ రేకుల గదే. 2024 ఆగస్టులో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా గండిపేట చుట్టూ ఖానాపూర్, చిలుకూరు వైపు ఎఫ్‌టీఎల్‌లో కట్టిన పెద్ద నిర్మాణాలు కొన్నిటిని కూల్చినప్పుడు జనం చప్పట్లు కొట్టారు. అన్నేళ్లూ వాటి జోలికి ఎవరూ పోలేదన్న కసి ఆ చప్పట్లలో ఉంది.

గీత గీసిన తీరులోనూ పేచీ ఉంది. నీళ్లు ఊరి పేరు చూసి పారవు, వాలు చూసి పారతాయి. జీవోలో మాత్రం జాబితా ఊళ్ల పేర్ల మీద ఉంది. ఒక ఊరిలో సగం సర్వే నంబర్ల వాన చెరువులోకి వస్తే మిగతా సగం ఇంకో వాగులోకి పోవచ్చు. అయినా ఊరంతటికీ ఒకే నిబంధన. మా నీళ్లు ఆ చెరువుల్లోకే రావని వట్టినాగులపల్లి లాంటి చోట్ల నుంచి ఏళ్ల తరబడి అభ్యంతరాలు వచ్చాయి. మరోవైపు మూసీ పుట్టేది వికారాబాద్ అనంతగిరి కొండల్లో. పది కిలోమీటర్ల హద్దుకు అవతల పరీవాహకం చాలా ఉంది. అక్కడ ఈ జీవో వర్తించదు. ఎగువన చెక్‌డ్యాములు కట్టారు, బోర్లు వేశారు, వాగుల్లో ఇసుక తోడారు. వరద లేని ఏళ్లలో చెరువుల్లోకి వచ్చే నీరు తగ్గిపోయింది. ఆ తగ్గిన నీటికి కాపలా మాత్రం ఈ 84 ఊళ్లదే.

ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ జీవో ఎత్తేస్తామన్న మాట ఈ ఊళ్లకు వచ్చింది. 2022 మార్చిలో అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు శాసనసభలోనే ఆ మాట చెప్పారు. ఏప్రిల్‌లో 69 నంబరు జీవో వచ్చింది. హైదరాబాద్ తాగునీటిలో ఈ రెండు చెరువుల వాటా 1.25 శాతం లోపే, కాబట్టి ఇక ఆంక్షలు అక్కర్లేదన్నది అందులోని వాదన. నీళ్ల నాణ్యత చెడకూడదన్న షరతు పెట్టి, మార్గదర్శకాలు తయారుచేయడానికి ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన కమిటీ వేశారు. 2023 మే నెలలో మంత్రివర్గం ఇంకో అడుగు వేసి, 111ను పూర్తిగా రద్దు చేసి హెచ్ఎండీఏ నిబంధనలే ఇక్కడా వర్తింపజేయాలని నిర్ణయించింది. ఊళ్లలో బాణసంచా కాల్చారు. రియల్టర్ల కార్లు వరస కట్టాయి. పర్యావరణవాదులు కోర్టులకు వెళ్లారు. మార్గదర్శకాలు వెలువడకుండానే ఆ ఏడాది డిసెంబరులో ప్రభుత్వం మారింది. కాగితం మీద ఎత్తేసినట్టూ ఉంది, ఆచరణలో ఉన్నట్టూ ఉంది. పర్మిషన్ కోసం వెళ్లిన మనిషికి ఈ తేలని స్థితి నేరుగా వద్దనడం కన్నా అధ్వాన్నం. వద్దంటే ఇంకో దారి చూసుకుంటాడు. రేపు రమ్మంటే రోజూ తిరగాల్సిందే.

1.25 శాతం అన్న లెక్కను కొంచెం నిదానంగా చూడాలి. చెరువులు చిన్నవైపోలేదు, నగరం పెద్దదైంది. మంజీరా చాలక కృష్ణా నీళ్లను వంద కిలోమీటర్లకు పైగా ఎత్తిపోసి తెచ్చుకున్నాం. అదీ చాలక ఎల్లంపల్లి నుంచి గోదావరిని 180 కిలోమీటర్లకు పైగా లాక్కొచ్చాం. ప్రతి చుక్కకూ కరెంటు ఖర్చు ఉంది. ఆ పక్కన ఊరికే వాలుకు వచ్చే ఏడు టీఎంసీల చోటును పనికిరానిదనడం నాకు అర్థం కాదు. పైగా 2025 సెప్టెంబరులో గోదావరి నీళ్లను ఈ రెండు చెరువుల్లోకే తెచ్చే పథకానికి శంకుస్థాపన జరిగింది. ఒకసారి నగరానికి అక్కర్లేదని రాసిన చెరువులే మళ్లీ నగరానికి కావలసి వచ్చాయి.

వరద సంగతి ఇంకా పెద్దది. విశ్వేశ్వరయ్య వీటిని ముందు వరద కోసం కట్టమన్నాడు, తాగునీరు ఆ తర్వాతిది. 2020 అక్టోబరు వానలకు హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తితే దిగువ బస్తీలు వణికాయి. 2025 సెప్టెంబరు చివర్లో రెండు జలాశయాల నుంచీ నీళ్లు వదిలినప్పుడు మూసీ మహాత్మాగాంధీ బస్ స్టేషన్ లోపలికే వచ్చింది, ప్రయాణికులను బయటికి తరలించాల్సి వచ్చింది. ఎగువన లక్షా ముప్పై వేల ఎకరాల్లో నేల వానను తాగుతుంటేనే ఇంత వచ్చింది. అదంతా కాంక్రీటు, తారు అయిపోతే ఒక్క రాత్రి వానకు ఎంత నీరు ఎంత త్వరగా కట్ట దగ్గరికి చేరుతుందో ఊహించడానికి ఇంజినీరు కానక్కర్లేదు. దిగువన మూసీ ఒడ్డునున్న చాదర్‌ఘాట్, మూసానగర్ జనం ఆ లెక్క చెల్లించాలి. అందుకే జీవోను ఎత్తేసి మిగతా నగరం లాగే ఇక్కడా టవర్లు లేపడాన్ని నేను ఒప్పుకోలేను. ఎత్తేస్తే లాభం కూడా ఎవరికి? చవకగా అమ్ముకున్న రైతుకు పైసా రాదు. కొని కూర్చున్నవాడికే వస్తుంది.

అయితే ఉన్నది ఉన్నట్టు ఉంచడం న్యాయమా? ముప్పై ఏళ్లుగా నడిచిన అన్యాయాన్ని ఇంకో ముప్పై ఏళ్లు నడపడం అది. నడుమ దారి ఉంది, కొత్తదేమీ కాదు. న్యూయార్క్ నగరం వంద కిలోమీటర్లకు పైగా అవతలున్న క్యాట్‌స్కిల్ కొండల నుంచి నీళ్లు తెచ్చుకుంటుంది. ఆ నీటిని వడగట్టడానికి వేల కోట్ల రూపాయల ప్లాంటు కట్టే బదులు 1997లో కొండ ఊళ్లతో ఒప్పందం చేసుకుంది. పాడి రైతుల పశువుల కొట్టాల నుంచి మురుగు వాగులో కలవకుండా చేసే ఖర్చు నగరమే పెట్టుకుంది. ఇళ్ల సెప్టిక్ ట్యాంకులు బాగుచేయించింది. భూమి కొనాలంటే అమ్ముతానన్నవాళ్ల దగ్గరే, మార్కెట్ ధరకే కొంది. ఆ ఒప్పందానికీ అక్కడ విమర్శలున్నాయి, ఊళ్లకూ నగరానికీ గొడవలున్నాయి. కానీ నీళ్లు తాగేవాళ్లు, నీళ్లు కాపాడేవాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఖర్చు లెక్క రాసుకున్నారు.

మన దగ్గర ఆ పనికి సాధనాలు ఉన్నాయి. హైదరాబాద్‌లో రోడ్డు వెడల్పు కోసం స్థలం ఇచ్చిన యజమానికి టీడీఆర్ (బదిలీ చేసుకోగల నిర్మాణ హక్కు) సర్టిఫికెట్ ఇస్తున్నారు. దాన్ని ఆయన ఇంకో చోట అదనపు అంతస్తులు వేసుకునే బిల్డరుకు అమ్ముకోవచ్చు. ఆరడుగుల రోడ్డు ముక్కకు దక్కిన హక్కు, నగరం కోసం ఎకరాలకు ఎకరాలు పచ్చగా ఉంచిన రైతుకు ఎందుకు దక్కకూడదు? కోకాపేటలో ఎకరానికి 100 కోట్లు పెట్టగలిగిన వాళ్లు ఈ ఊళ్ల రైతుల దగ్గర ఆ హక్కులు కొనాలన్న నిబంధన పెడితే డబ్బు గీత దాటి ఇవతలికి వస్తుంది. ఇప్పటికే అమ్ముకున్న కుటుంబాలకు ఇందులో వాటా ఎలా ఇవ్వాలన్నది చిక్కుముడే. దాన్ని విప్పడానికి రిజిస్ట్రేషన్ రికార్డులున్నాయి.

ఊళ్లో పుట్టి పెరిగిన కుటుంబానికి సొంత జాగాలో ఇల్లు అన్నది దీనికన్నా సులభం. గ్రామకంఠం హద్దు పెంచాలి. ప్రతి ఊరికీ మురుగు శుద్ధి ఏర్పాటు ముందు చేసి, ఆ పైన ఇంటి పర్మిషన్ పంచాయతీలోనే ఇవ్వాలి. ఆ ఏర్పాటు ఖర్చు ఊరిది కాదు, నల్లా బిల్లు కట్టే నగరానిది. ఎఫ్‌టీఎల్, బఫర్ హద్దురాళ్లు పాతిన మ్యాపు సర్వే నంబర్ల వారీగా ప్రతి పంచాయతీ గోడ మీద ఉండాలి, నోటరీ ప్లాటు కొనబోయే ఆటోడ్రైవరు డబ్బిచ్చే ముందు చూసుకునేలా.

హెచ్ఎండీఏ ఇప్పుడు కొత్త మాస్టర్ ప్లాన్ తయారు చేస్తోంది. ముసాయిదా ప్రకటించాక అభ్యంతరాలు పిలవడం రివాజు. మొయినాబాద్ మండలం రైతు ప్లాన్ మ్యాపులో తన భూమి రంగు ఏమిటో తెలుసుకోవడానికి పట్నంలో ఆఫీసుల చుట్టూ తిరగకూడదు. 84 ఊళ్లలోనూ గ్రామసభలు పెట్టి, ఆ మ్యాపును అక్కడే పరచి, వాగు ఎటు పారుతుందో ఊరివాళ్ల నోటే చెప్పించుకుని రాసుకోవాలి. జలమండలి బడ్జెట్‌లో పంపింగ్ కరెంటుకు ఒక పద్దు ఉంటుంది, పైపులకు ఒక పద్దు ఉంటుంది. వచ్చే ఏడాది నుంచి ఈ ఊళ్ల పేరిట ఇంకో పద్దు తెరవాలి.